మర పోతే గద పోయినట్టు కాదు

చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం మొదలైందంటే పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ, అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరున దుర్యోధన వధ, అగ్నిగుండం. ఈ వరసలో ఎక్కువ దెబ్బలు తినే సామాను భీముడి గద. ఒకప్పుడు దాన్ని చెక్కతోనో, వెదురుకు గుడ్డలు చుట్టి రంగు పూసో చేసేవాళ్లు. ఇప్పుడు ఇష్టం కొద్దీ ఇంట్లోనే నాటకం సామాను తయారుచేసే కుర్రాళ్లు అల్యూమినియం పైపు, ఫైబర్ గుల్ల, నట్లు బోల్టులు పెట్టి చేస్తున్నారు. బరువు తక్కువ, తల విప్పి సంచిలో పెట్టుకుని బస్సెక్కవచ్చు. ఆ విప్పడం, బిగించడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

పుత్తూరులో నేను చూసిన ఒక గద సంగతి చెబుతాను. పిడికి అల్యూమినియం పైపు. పైపు చివర లోపలికి గుండ్రటి అల్యూమినియం దిమ్మ ఒకటి దిగ్గొట్టి, దాని నడుమ 8 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపడా మరలు కోశారు. గద తల పైనుంచి దూర్చిన ఉక్కు బోల్టు ఆ దిమ్మలోకి దిగి తలను పిడికి పట్టి ఉంచాలి. కొన్నాళ్లు బాగానే పట్టింది. తర్వాత బోల్టు తిప్పితే తిరుగుతూనే ఉంది తప్ప బిగుసుకోవడం మానేసింది. బయటికి లాగి చూస్తే బోల్టు మరల సందుల్లో సన్నటి అల్యూమినియం తీగ స్ప్రింగులాగా చుట్టుకుని ఉంది. గోటితో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. అదే దిమ్మలో ఉండాల్సిన మర. చెక్కు చెదరకుండా కోసుకుని వచ్చేసింది. దిమ్మలో మిగిలింది నున్నటి రంధ్రం.

చేసిన కుర్రవాడు గద పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి చేద్దామనుకున్నాడు. ఆ అవసరం లేదు. మర పోయిన రంధ్రాన్ని మునుపటికన్నా గట్టిగా చేసుకోవచ్చు, అదీ మన ఊళ్లో దొరికే పనిముట్లతోనే. కాకపోతే ముందు ఆ మర ఎందుకు పోయిందో తెలియాలి. తెలియకుండా చేసిన మరమ్మతు మళ్లీ అక్కడే తెగుతుంది.

చాలామంది మొదట అనుకునేది, గద గట్టిగా తిప్పినందువల్ల మర తెగిందని. లెక్క వేసి చూద్దాం. తల బరువు కిలోన్నర అనుకోండి. పట్టుకున్న చేతికి 80 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. సెకనుకు రెండు చుట్లు తిప్పితే, అంటే మంచి ఊపు మీదున్న భీముడే అనుకున్నా, తల బయటికి లాగే బలం సుమారు 19 కిలోలు. ఇప్పుడు బోల్టు బిగించే సంగతి చూడండి. 8 మిల్లీమీటర్ల బోల్టు తలకు పదమూడో నంబరు పానా పడుతుంది. 15 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బలంతో నొక్కితే బోల్టు మీద పడే మెలి బలం 15 న్యూటన్ మీటర్లు. పొడి మరల మీద ఆ మెలికి బోల్టు నిలువునా సాగి పుట్టే లాగుడు దాదాపు 950 కిలోలు! భీముడి ఊపు కంటే పానా లాగుడు యాభై రెట్లు. నాటకంలో తెగినట్టు కనిపించిన మర, అంతకుముందే వేషం గదిలో తెగిపోయి ఉంటుంది.

ఇంత బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, మర అంటే ఒక కడ్డీ చుట్టూ చుట్టిన వాలు. 8 మిల్లీమీటర్ల బోల్టు ఒక చుట్టు తిరిగితే ముందుకు జరిగేది 1.25 మిల్లీమీటర్లే. దీన్ని పిచ్ అంటారు. పానా చివర చెయ్యి దాదాపు మీటరు దూరం తిరిగితే బోల్టు మిల్లీమీటరుంబావు జరుగుతుంది కాబట్టి బలం కొన్ని వందల రెట్లు పెరగాలి. పెరిగినదంతా లాగుడుకు పోదు. మనం పెట్టే శ్రమలో సగం బోల్టు తల కింద రాపిడికి, దాదాపు నలభై శాతం మరల మధ్య రాపిడికి పోయి, నిజంగా బిగింపుకు మిగిలేది పదో వంతు. ఆ పదో వంతే 950 కిలోలు. మరలకు నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే చేతి బలానికి లాగుడు ఇంకా పెరుగుతుంది. నూనె రాసిన బోల్టును పొడి బోల్టు బిగించినంత గట్టిగా బిగిస్తే మెత్తటి లోహంలో మర తెగేది అందుకే.

రాపిడికి పోయిన ఆ తొంభై శాతం వృథా అనుకోకండి. బోల్టు తనంతట తాను వెనక్కి తిరగకుండా ఆపేది ఆ రాపిడే. 8 మిల్లీమీటర్ల మర వాలు మూడు డిగ్రీల పైచిలుకు మాత్రమే. అంత తక్కువ వాలు మీద ఉక్కు జారిపోదు. అయినా బోల్టులు వదులవుతూనే ఉంటాయి కదా? దీనికి సరైన జవాబు 1969లో వచ్చింది. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు బోల్టు నిలువునా లాగితే కన్నా పక్కలకు అటూ ఇటూ జరిగితేనే తొందరగా ఊడుతుందని ప్రయోగం చేసి చూపించాడు. బరువైన బియ్యం బస్తాను ముందుకు తోస్తే కదలదు. ఇద్దరు అటూ ఇటూ ఊపుతుంటే మాత్రం చిన్న తోపుకే ముందుకు జరుగుతుంది. పక్కకు జారుతున్న క్షణంలో మరల మధ్య రాపిడి కూడా అలాగే చేతులెత్తేస్తుంది, ఆ క్షణాల్లో నట్టు వాలు వెంట కొంచెం కొంచెం కిందికి దిగుతుంది.

పుత్తూరు, నగరి, నారాయణవనం వైపు మరమగ్గాలు నడిపేవాళ్లకు ఈ సంగతి యుంకర్ చెప్పకుండానే తెలుసు. మగ్గం నిమిషానికి వంద సార్లకు పైగా నాడెను కొడుతుంది, ప్రతి దెబ్బకూ చట్రమంతా పక్కలకు అదురుతుంది. వదులైన నట్టును ఆ రోజే పట్టుకోకపోతే రెండు రోజుల్లో రంధ్రం కోలగా అరిగిపోతుంది. ఈ ఊళ్లలో లేత్ షాపులకు పని ఉండటానికి మగ్గాలు ఒక కారణం. బుష్ వేయడం, మర కోయడం, విరిగిన స్టడ్ తీయడం వాళ్లకు రోజువారీ పని. గద దిమ్మలో మర పోయిందంటే వాళ్లు ఆశ్చర్యపోరు. గద అని చెబితే మాత్రం కొంచెం ఆసక్తిగా చూస్తారు.

గద మీద దెబ్బ పడ్డప్పుడు జరిగేదీ ఈ పక్క కదలికే. తల ఒక చోట ఆగిపోతుంది, పిడి ముందుకు పోవాలని చూస్తుంది, రెంటి మధ్య బోల్టు వంగుతుంది. పైపు చివర తలలోపలికి నాలుగైదు సెంటీమీటర్లు బిగుతుగా దూరేలా చేసి ఉంటే ఆ వంపును పైపే మోస్తుంది, బోల్టుకు పట్టి ఉంచడం ఒక్కటే పని. నేను చూసిన గదలో పైపు తలను అంచు మీద తాకి ఆగిపోయింది. వంపంతా బోల్టు మీద, అక్కడి నుంచి మర మీద పడింది. ఒకసారి వదులయ్యాక మళ్లీ బిగించడం, ఈసారి ఇంకొంచెం గట్టిగా బిగించడం. అలా అలా 950 కిలోలు దాటి ఎక్కడికో పోయి ఉంటుంది.

ఇంకో దోషం దిమ్మ లోతులో ఉంది. ఉక్కులో ఉక్కు బోల్టు దిగితే బోల్టు లావంత లోతు మర చాలు. అంగట్లో కొనే 8 మిల్లీమీటర్ల నట్టు మందం ఏడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అయినా సరిగా తయారైన నట్టులో మర తెగేలోపు బోల్టే తెగుతుంది. అల్యూమినియం అంత గట్టిది కాదు. కిటికీల ఫ్రేములకు వాడే అల్యూమినియం ఉక్కు బోల్టు బలంలో మూడో నాలుగో వంతు. అందులో బోల్టు లావుకు ఒకటిన్నర నుంచి రెండింతల లోతు కావాలి, అంటే 12 నుంచి 16 మిల్లీమీటర్లు. మరి ముప్పై మిల్లీమీటర్ల లోతు పెడితే ఇంకా మంచిదా? అంత లాభం లేదు. బోల్టు సాగుతుంది, దిమ్మ నలుగుతుంది, రెంటి పిచ్‌లు పిసరంత తేడా పడతాయి. అందువల్ల బరువంతా ముందు వరస మరల మీదే పడుతుంది. మొట్టమొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది, ఏడెనిమిది మరలు దాటాక మిగతావి ఊరికే ఉంటాయి. మర తెగడం ఎప్పుడూ నోటి దగ్గర మొదలై లోపలికి ఒక్కొక్కటిగా పాకుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మర పోయే దారి ఇంకొకటుంది. దాని చరిత్ర పెద్దది. మన హార్డ్‌వేర్ అంగళ్లలో ఇప్పటికీ రెండు జాతుల బోల్టులు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి మిల్లీమీటర్లది, ఇంకొకటి అంగుళాలది. అంగుళాల జాతికి మూలపురుషుడు జోసెఫ్ విట్‌వర్త్. ఆయన వర్క్‌షాపు మాంచెస్టర్‌లో, అంటే మరమగ్గాలు విరివిగా పెరిగిన లంకాషైర్ సీమలోనే. అప్పట్లో ఒక్కో వర్క్‌షాపు తన ఇష్టం వచ్చినట్టు మర కోసుకునేది. ఒక చోటి బోల్టు ఇంకో చోటి నట్టుకు పట్టేది కాదు. విట్‌వర్త్ దేశంలోని పెద్ద వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి 1841లో ఒకే పద్ధతి ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు, ఒక్కో లావుకు అంగుళానికి ఇన్ని మరలని లెక్క. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో వేరే పద్ధతి పెట్టాడు, కోయడానికీ కొలవడానికీ అది సులువని. ఈ 5 డిగ్రీల తేడా రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల యంత్రాలకు ప్రాణసంకటమైంది. చివరికి 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60 డిగ్రీలకు ఒప్పుకున్నాయి. మిల్లీమీటర్ల మరకూ కోణం అదే. మన దేశం 1956లో చట్టం చేసి 1958 నుంచి మెట్రిక్ కొలతల్లోకి మారడం మొదలుపెట్టింది. కొలతలు మారాయి గానీ పాత యంత్రాలు, వాటి బోల్టులు ఉండిపోయాయి.

ఇందులో ఎక్కువగా మోసం చేసేది ఒక జత. పావు అంగుళం బోల్టు 6.35 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల రంధ్రంలోకి అసలు దిగదు, తప్పు వెంటనే తెలుస్తుంది. 5/16 అంగుళం బోల్టు మాత్రం 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిదికి అంత దగ్గర! చేతితో తిప్పితే ఒకటి రెండు చుట్లు హాయిగా దిగుతుంది. కానీ దాని పిచ్ 1.41 మిల్లీమీటర్లు, రంధ్రానిది 1.25. చుట్టు చుట్టుకూ 0.16 మిల్లీమీటర్ల తేడా పోగవుతూ నాలుగైదు చుట్లకు బోల్టు మర దిమ్మ మర నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. చెయ్యి ఆగుతుంది, పానా ఆగదు. ఉక్కు ముందుకు పోతుంది, అల్యూమినియం కోసుకుపోతుంది. అంగడివాడు చేతికి అందింది ఇచ్చాడని తిట్టుకుని లాభం లేదు. స్కేలు పక్కన పెట్టి సెంటీమీటరులో మరలు లెక్కపెట్టండి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సరిగ్గా ఎనిమిది వస్తాయి, 5/16కు ఏడు పైచిలుకు. అంతకన్నా తేలిక, బాగా తెలిసిన బోల్టును దీని పక్కన ఆనించి, మరలో మర కూర్చోబెట్టి వెలుతురుకు పట్టండి. సందు కనిపిస్తే జాతి వేరు.

ఇక మరమ్మతు. చెడింది బోల్టు మర అయితే ఆలోచించాల్సిందే లేదు, బోల్టు పారేసి కొత్తది కొనండి. బోల్టు కోసం గంటసేపు ఆకురాయి పట్టడం దేనికి? రంధ్రం చెడితేనే అసలు పని. మర పూర్తిగా పోకుండా నోటి దగ్గర నలిగి ఉంటే సరైన సైజు ట్యాప్ (మర కోసే పనిముట్టు) దించి శుభ్రం చేస్తే చాలు. ట్యాప్ లేకపోతే కొత్త ఉక్కు బోల్టు ఒకటి తీసుకుని, చివర నుంచి నిలువునా మూడు వైపులా ఆక్సా బ్లేడుతో గాడి పెట్టండి. గాడి అంచులు మెత్తటి మరను సరిచేస్తాయి, తెగిన రజను గాడిలోకి పోతుంది. అల్యూమినియంలో ట్యాప్ తిప్పేటప్పుడు కిరోసిన్ చుక్కలు వేస్తే లోహం ట్యాపుకు అంటుకోదు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. ఆ వెనక్కి తిప్పినప్పుడే లోపల రజను తుంపులై రాలుతుంది. తొందరపడి ఒకే బిగిన తిప్పితే ట్యాప్ లోపల విరుగుతుంది. విరిగిన ట్యాప్ తీయడం కంటే కొత్త గద చేసుకోవడం సులువు.

రంధ్రం లోతులో బోల్టు ఇంతవరకు చేరని మర మిగిలి ఉంటే పొడుగు బోల్టు వేసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. లేదా పెద్ద సైజుకు పోవచ్చు. 8 మిల్లీమీటర్ల మర పోయిన చోట 8.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ దించి 10 మిల్లీమీటర్ల మర కోస్తారు. చాలా షాపుల్లో మొదట చెప్పే మందు ఇదే. చుట్టూ లోహం దండిగా ఉంటే తప్పేమీ లేదు. కానీ తల లోపలి రంధ్రం కూడా పెద్దది చేయాలి, బరువు పెరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మళ్లీ అదే మెత్తటి అల్యూమినియంలోనే మర కోస్తున్నాం. పోయిన జబ్బే పెద్ద సైజులో తిరిగి వస్తుంది. అందుకే విప్పి బిగించే చోట ఈ పద్ధతి నాకు నచ్చదు.

నాకు నచ్చింది హెలికాయిల్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమాన ఇంజిన్ల అల్యూమినియం, మెగ్నీషియం పోతల్లో మరలు నిలబెట్టడానికి విరివిగా వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు మన బైకు మెకానిక్కులు స్పార్క్ ప్లగ్ మర పోయిన హెడ్డులకు వేస్తున్నారు. ఇది స్టెయిన్‌లెస్ ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టిన చిన్న చుట్ట. తీగ అడ్డుకోత గుండ్రంగా ఉండదు, డైమండ్ ఆకారంలో ఉంటుంది. బయటి అంచు దిమ్మ మరలో కూర్చుంటుంది, లోపలి అంచు బోల్టుకు మర అవుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకైతే రంధ్రాన్ని సుమారు 8.3 మిల్లీమీటర్లకు పెంచి, ఆ చుట్ట కోసమే చేసిన ప్రత్యేక ట్యాపుతో మర కోయాలి. మామూలు ట్యాప్ పనికిరాదు. తర్వాత చుట్టను పనిముట్టు చివర తగిలించి, నొక్కకుండా తిప్పుతూ దించాలి. చుట్ట సహజంగా రంధ్రం కన్నా కొంచెం లావు, దిగేటప్పుడు ముడుచుకుని దిగిన తర్వాత విచ్చుకుంటుంది. గోడను అదే పట్టుకుంటుంది, జిగురు అక్కర్లేదు. పై కొస అంచుకు పావు నుంచి అర చుట్టు లోతున ఆగాలి. అడుగున తిప్పడానికి వీలుగా ఒక చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని సన్నటి కడ్డీతో ఒక్క పోటు పొడిస్తే గాడి దగ్గర తెగి పడుతుంది. ఆ ముక్కను మరచిపోకుండా బయటికి తీయాలి.

కొత్త మరకు పాతదానికన్నా బలం ఎక్కువ. బోల్టు లాగుడు ఇప్పుడు అల్యూమినియం మీద 8 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర కాకుండా 9.6 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, పట్టు వైశాల్యం ఇరవై శాతం పెరుగుతుంది. చుట్ట స్ప్రింగు కాబట్టి పిసరంత సర్దుకుంటుంది, మొదటి మర మీద పడే మూడో వంతు భారాన్ని వెనక మరలకు కూడా పంచుతుంది. విప్పి బిగించినప్పుడల్లా రాసుకునేది ఉక్కు మీద ఉక్కు, అల్యూమినియంకు రాపిడే తగలదు. కొత్త యంత్రాల్లో కూడా మర పోకముందే ఈ చుట్టలు వేసి పంపడం అందుకే. గద దిమ్మకు 16 మిల్లీమీటర్ల పొడుగు చుట్ట, అంటే బోల్టు లావుకు రెండింతలది అడగండి.

చుట్ట దొరక్కపోతే లేత్ షాపులో బుష్ వేయించండి. ఉక్కు కడ్డీని లోపలా బయటా మర కోసి గుల్ల చేసి దిమ్మలో దించడం. పని కొంచెం ఎక్కువ, బలానికి తిరుగులేదు. ఆర్గాన్ వెల్డింగుతో రంధ్రం పూడ్చి మళ్లీ మర కోద్దామని కొందరంటారు. వేడి సోకిన చోట గట్టిపరిచిన అల్యూమినియం మూడో వంతుకు పైగా బలం పోగొట్టుకుంటుంది, పైపు కూడా మెత్తబడుతుంది. గదకు అది వద్దు. అరాల్డైట్, ఎంసీల్ నింపి, బోల్టుకు మైనం రాసి గుచ్చి ఆరబెడితే మర అచ్చు పడుతుంది. కిరీటానికో, భుజకీర్తులకో ఆ పట్టు చాలు. నెత్తి మీద తిరిగే తలకు చాలదు. మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం మాత్రం ఎక్కడా పనికిరాదు, అది నీళ్లు కారకుండా పైపులకు చుట్టేది.

దిమ్మ లేకుండా పైపు గోడకే మర కోసిన గదలూ కనిపిస్తున్నాయి. పదహారు గేజి పైపు గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల మర పిచ్ 0.8 కాబట్టి ఆ గోడలో పట్టేది రెండే మరలు. ఏ చుట్టా అక్కడ నిలవదు. లోపల దిమ్మ పెట్టడమో, రివెట్ నట్టు వేయడమో చేయాలి.

గద తల చెక్కదైతే లెక్క వేరు. చెక్కలో మర పోతే వెదురు పుల్లకు ఫెవికాల్ రాసి రంధ్రంలో దిగ్గొట్టి, ఆరాక మళ్లీ స్క్రూ బిగించడం వడ్రంగులందరూ చేసేదే, బాగా పట్టుకుంటుంది. కానీ స్క్రూ చెక్క పోగు వెంట దిగితే పట్టు తక్కువ, పోగుకు అడ్డంగా దిగితేనే గట్టి. త్రీడీ ప్రింటింగు తలలు చేసేవాళ్లు సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి ఇత్తడి ఇన్‌సర్ట్ దించుతారు, అది మంచి పద్ధతి. ఆ ప్లాస్టిక్ పీఎల్ఏ అయితే మాత్రం 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన సీమ ఎండాకాలంలో తలుపులు మూసిన కారులో పెట్టి వెళితే ఆ వేడి రావడం ఎంతసేపు? నీడలో పెట్టండి.

మెత్తటి పదార్థంలో మర నిలబెట్టే ఈ సమస్య ఎముకల డాక్టర్లకూ ఉంది. పుత్తూరు పేరు చెబితే తెలుగు, తమిళ సీమల్లో అందరికీ గుర్తొచ్చేది విరిగిన ఎముకలకు వేసే రాచపాళెం కట్టు. అందులో బద్దలు, ఆకు పసర్లు ఉంటాయి గానీ మరమేకులు ఉండవు. ఆసుపత్రి శస్త్రచికిత్సలో ఉంటాయి, అవి రెండు రకాలు. ఎముక పైపొర గట్టిది, దానికి దగ్గర దగ్గర సన్నటి మరలున్న స్క్రూ. కొసల దగ్గరి గుల్ల ఎముకకు లోతైన, ఎడంగా ఉన్న మరల స్క్రూ. పదార్థం మెత్తనయ్యేకొద్దీ మర పెద్దది కావాలనే సూత్రం అల్యూమినియంకూ ఎముకకూ ఒకటే. ముసలివాళ్ల గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు తప్పితే లావు స్క్రూకు మారడమో, చుట్టూ ఎముక సిమెంటు నింపడమో చేస్తారు.

మళ్లీ గద దగ్గరికి. హెలికాయిల్ వేశాక కూడా నేనైతే బోల్టు వాడను. ఆ చుట్టలో 8 మిల్లీమీటర్ల స్టడ్, అంటే తల లేని మర కడ్డీ దించి, మరను పట్టి ఉంచే ఎర్ర లాక్‌టైట్ జిగురు వేసి ఇక కదలకుండా వదిలేస్తాను. తలను స్టడ్ మీదుగా దించి పైనుంచి వెడల్పు వాషర్, నట్టు వేసి బిగిస్తే సరి. రోజూ విప్పేది, బిగించేది నట్టు. అరిగేది నట్టు. అది కొన్ని రూపాయల వస్తువు, ఏ అంగట్లోనైనా దొరుకుతుంది, అరిగితే పారేసి ఇంకొకటి వేసుకుంటాం. దిమ్మ, పైపు, రాత్రుళ్లు కూర్చుని రంగు వేసిన తల, వీటి జోలికి రాపిడి రాదు. ఇంజిన్ హెడ్డులను బోల్టులకు బదులు స్టడ్లతో బిగించడంలో ఉన్న తెలివి ఇదే. విప్పి బిగించే ఏ అతుకైనా ఎక్కడో ఒక చోట అరగక తప్పదు. ఆ చోటు ఏదో చేసేవాడే ముందుగా నిర్ణయించుకోవాలి. మరమ్మతు చేయాల్సి వచ్చినప్పుడు పాత రూపం తిరిగి తెచ్చి ఊరుకోకుండా ఈ మార్పు చేసుకోవడమే అసలు లాభం.

నట్టు ఊడకుండా నైలాన్ వలయం ఉన్న నట్టు వేద్దామనిపిస్తుంది. రోజూ విప్పే చోట ఆ నైలాన్ తొందరగా పట్టు తప్పుతుంది, తరచూ మార్చాలి. రెండు మామూలు నట్లు ఒకదాని మీద ఒకటి ఎదురు బిగించడం మేలు. వేసే ముందు వెనక్కి తిప్పడం అలవాటు చేసుకోండి. నట్టును స్టడ్ మీద ఆనించి విప్పే వైపు మెల్లగా తిప్పితే ఒక చోట టక్కున చిన్నగా పడినట్టు చేతికి తెలుస్తుంది. మర మొదలు అక్కడుంది. అప్పుడు ముందుకు తిప్పితే అడ్డంగా ఎక్కదు. మొదటి మూడు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే పానా ముట్టుకోవద్దు, విప్పి మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దని గదలు చేసే ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను. ఎంత బాగా మరమ్మతు చేసినా, తలను పట్టి ఉంచేది మర ఒక్కటే కాకూడదు. భారతం చూడ్డానికి పిల్లలు ముందు వరసలో చాపల మీద కూర్చుంటారు. కిలోన్నర తల ఊడి ఎగిరితే ఆపేవాళ్లుండరు. తలకూ పైపుకూ అడ్డంగా రంధ్రం పెట్టి ఒక పిన్ను దూర్చి దానికి క్లిప్పు తగిలించండి, నట్టు పూర్తిగా ఊడినా తల పైపును వదలదు. అది వద్దనుకుంటే లోపలి నుంచి సైకిల్ బ్రేకు తీగ ఒకటి కట్టండి. నట్టు మీదా స్టడ్ మీదా కలిసేలా రంగుతో ఒక గీత గీయండి, వేషం కట్టే ముందు గీత చెదిరిందేమో చూస్తే చాలు. లేత్ షాపుకు వెళ్లేటప్పుడు పిడి, తల, పాత బోల్టు మూడూ తీసుకెళ్లండి. బోల్టు ఒక్కటే చూపిస్తే, రంధ్రం ఏ జాతి మరదో చూడకుండా ఎవరూ సరిగ్గా కోయలేరు.